తెరకు వీపు తిప్పిన చోట

బెంగళూరు శివార్లలో, బొమ్మసంద్రలోని ఆ ఇంట్లో టీవీ ముందు నేలను ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు. తెల్లవారి ఐదున్నరకు శశికళ అక్కడ నిలబడేది. ఆమె అత్త అక్కయమ్మ మంచం మీద కూర్చుని తెర చూసేది. అక్కయమ్మ కొడుకు, శశికళ మొగుడు హేమంత్‌కుమార్ జిగణిలో రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంకా వచ్చేవాడు కాదు.

శశికళకు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. రోజంతా నిలబడి నడుము పట్టేసింది. తొంభై ఎనిమిదిలో, తోడు పనిచేసే ఒకామె వెంట, జయనగర్‌లో తాయ్‌చీ అనే నిదానపు కసరత్తు నేర్పే రెండు రోజుల సెమినార్‌కు వెళ్ళింది. రెండు రోజుల్లో ఎవరికీ ఏమీ రాదని నేర్పినాయనే చెప్పి, అందరికీ ఒక వీడియో క్యాసెట్ ఇచ్చి పంపాడు. అందులో ఇరవై నాలుగు కదలికలు. చూసి నేర్చుకోమన్నాడు.

చూసి నేర్చుకోవడంలో ఒక చిక్కుంది. క్యాసెట్‌లోని మనిషి మెల్లగా పక్కకు తిరుగుతాడు, ఆ తర్వాత పూర్తిగా వెనక్కి తిరుగుతాడు. అతనితో పాటు తిరిగితే టీవీ వీపు వెనకకు పోతుంది. మెడ తిప్పి చూస్తే నడుము తప్పుతుంది.

"ఇప్పుడేం జేస్తా ఉండాడత్తా?" అని శశికళ గోడను చూస్తూ అడిగేది.

"రాగిముద్ద తిప్పుతా ఉండాడు. కుడిచెయ్యి కింద, ఎడమచెయ్యి పైన. నిదానంగా. ఆ మొగోనికి లేని తొందర నీకెందుకే?"

ఆ కదలికలకు ఏవో చైనా పేర్లుండేవి. ఆ ఇంట్లో అవి చేటతో చెరగడం, తడిబట్ట పిండడం, కోడిని అదిలించడం అయ్యాయి. అక్కయమ్మ చెప్పింది చెప్పినట్టు శశికళ చేసేది. ఏడాది తిరిగేసరికి నడుము నొప్పి తగ్గింది. వంటా, కోడలికి కళ్ళై చూడడమూ రెండూ అక్కయమ్మవే. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనేది కాదు కానీ, ఐదింటికల్లా లేచి కూర్చునేది.

రెండువేల మూడులో ఒక రోజు అక్కయమ్మ కుడికన్ను నలుపుకుంటూ ఉంటే ఇల్లంతా చీకటయింది. ఎడమకన్ను పోయిందని అప్పుడు తెలిసింది. ఎప్పుడు పోయిందో తెలియలేదు. కుడికన్ను కూడా అంచుల నుంచి మూసుకొస్తోంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆనేకల్‌లో తన అక్క చిక్కమ్మకు చూపు పోయినప్పుడు, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వసారాలో కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ళు చిక్కమ్మ అక్కడే కూర్చుంది. వేళకు పళ్ళెం చేతికిచ్చారు. ఆ తొమ్మిదేళ్ళలో ఆమెను ఎవరూ ఏ మాటా అడగలేదు. అక్కయమ్మ ఆ వసారా చూసి వచ్చింది.

పాత క్యాసెట్ ఆమెకు నోటికి వచ్చు. అందుకే ఏదీ బయటపడలేదు. మరుసటి ఏడు శశికళ ఇంకో సెమినార్‌కు వెళ్ళి కొత్త వీసీడీ తెచ్చింది. అందులోది పెద్ద వరుస, ఎనభైకి పైగా కదలికలు. మొదటిరోజు వెనక్కి తిరిగే చోటు రాగానే శశికళ ఎప్పటిలాగే అడిగింది.

అక్కయమ్మ తెర వైపు చూసింది. మనిషి ముఖం చూస్తే చేతులు లేవు. చేతులు వెతికితే కాళ్ళు లేవు.

"రాగి కోస్తా ఉండాడు," అంది.

అబద్ధమాడాలని అనుకోలేదు. పదిహేనేళ్ళ వయసులో చేలో చేసిన పని నోటికి వచ్చింది. ఎడమచేత్తో గుప్పెడు పట్టినాడు, కుడిచెయ్యి లోపలికి తిప్పినాడు, కోసి వెనక్కి పెట్టినాడు. శశికళ అలాగే చేసింది. మూడు చోట్ల వెనక్కి తిరగాలి. ఆ మూడు చోట్లా అక్కయమ్మ తన చేలు చెప్పింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఏప్రిల్‌లో మళ్ళీ సెమినార్ వచ్చింది. పెద్ద వరుస తప్పు లేకుండా చేసి చూపినవాళ్ళు తమ పేటలో నేర్పవచ్చు. ఫ్యాక్టరీలో పన్నెండుమంది ఆడవాళ్ళు తమకు నేర్పమని అప్పటికే శశికళను అడిగి ఉన్నారు. శనివారం పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే అక్కయమ్మ గడప దాకా వచ్చింది.

"శశీ."

"ఏమత్తా?"

"ఎండ జాస్తి ఉండాది. గొడుగు తీసుకో."

ఆదివారం సాయంత్రం శశికళ వచ్చి కాళ్ళు కడుక్కుంది. నేర్పడానికి తనను ఒప్పుకోలేదని మొగుడితో ముక్తసరిగా చెప్పింది. ఒంటరిగా చేస్తూ ఉంటే మొదటి మలుపులోనే ఆపారు. ఈ చెయ్యి ఎవరు నేర్పారని అడిగారు. వీసీడీలో ఉందని ఆమె అంటే వెనక ఎవరో నవ్వారు.

హేమంత్ షిఫ్టుకు వెళ్ళాక ఆమె వీసీడీ పెట్టింది. ఈసారి కదలలేదు. నిలబడి చివరిదాకా చూసింది. మంచం మీద అక్కయమ్మకు ఆమె అడుగుల చప్పుడు వినపడలేదు. వినపడకపోవడంతోనే కోడలు తెర చూస్తోందని అర్థమయింది.

"నాకు కనపడ్లే శశీ," అంది. "రెండేండ్లాయ."

శశికళ టీవీ ఆపింది.

"యాల చెప్పలే?"

"చెప్తే కూర్చోబెడతారు."

తీసుకుపోయి చూపిస్తే కంటి డాక్టరు గ్లాకోమా, అంటే నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదు, రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఉన్నంత నిలిచేది అన్నాడు. మిగిలిన కాస్తకు చుక్కల మందు రాశాడు. ఇంటికి రాగానే హేమంత్‌కుమార్ తల్లిని పొయ్యి దగ్గరకు పోవద్దన్నాడు. కోపంగా అనలేదు. వాకిట్లో కుర్చీ వేశాడు. అక్కయమ్మ అందులో కూర్చుంది. మూడు రోజులు కూర్చుంది.

నాలుగోరోజు ఐదున్నరకు శశికళ కుర్చీ దగ్గరకు వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"లేయ్ అత్తా. రెండోరోజంతా అక్కడ నడకే నేర్పినారు. ముందు మడమ ఆనించు. బరువు వెయ్యొద్దు. కింద నేల ఉండాదని కాలికి తెలిసినాక వెయ్యి."

"పొయ్యి కాడికి పోనిస్తారా నన్ను?"

"అది నా చేతిలో లేదు. నడిచేది నేర్పిస్తా."

అక్కయమ్మ మడమ ఆనించింది. బరువు వేయకుండా కాసేపు నిలబడింది. వంటింటి దాకా పదమూడు అడుగులు. ఆ ఉదయం నాలుగు పడ్డాయి.