అయిదు నక్షత్రాల పనసపొట్టు కూర

మా మావయ్యగారి స్థలాల ఆఫీసును నేను భోజన హోటలుగా మార్చిన వైనం చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో నవ్వేసుకున్నారు.

అప్పటికి నా చేతికి ఇంజనీరింగ్ పట్టా వచ్చి మూడు నెలలు. సత్తిబాబు మావయ్యకు అమలాపురంలో కింద ఆఫీసు, పైన కాపురం. ఇరవయ్యేళ్ళుగా తన చేత్తో ఎత్తుతున్న షట్టర్ వంక చూస్తూ, "ఈ నెల ఒక్క స్థలమైనా కదలకపోతే దించేస్తానురా" అన్నారు ఒకరోజు. నాలోని ఇంజనీరు ఒళ్ళు విరుచుకున్నాడు.

"ఫోన్లో స్థలాల కోసం వెతికితే ముందు మన పేరే రావాలి మావయ్యా. దానికి రివ్యూలు కావాలి."

"అంటే?"

"మన గురించి జనం మంచి మాట రాయడం."

"ఓస్, మనవాళ్ళు లేరేంట్రా!"

బంధువుల వాట్సాప్ గ్రూపులో సూచనలు పెట్టాను. ఒకటి, అయిదు నక్షత్రాలు. రెండు, ఊరి పేరు. మూడు, కనీసం రెండు వాక్యాలు. నాలుగు, స్వయంగా తెలిసిన నిజమే రాయాలి. ఆ నాలుగోదానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. మావాళ్ళలో మావయ్య దగ్గర స్థలం కొన్నవాళ్ళు ఒక్కరూ లేరనీ, వాళ్ళకు స్వయంగా తెలిసింది అత్తయ్య వంటేననీ నా బుర్రకు తట్టలేదు.

రాజోలు పిన్ని రాసింది: "అమలాపురం వెళితే ఇక్కడ భోంచెయ్యకుండా రాకండి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అంటే ఇక్కడే." కొత్తపేట బాబాయి రాశాడు: "అమలాపురంలో స్థలం చూపిస్తారు గానీ ముందు విస్తరి వేస్తారు. చారు కొంచెం పల్చన. అయినా అయిదు నక్షత్రాలు."

నేను నక్షత్రాలు లెక్కపెట్టుకున్నానే తప్ప వాక్యాలు చదవలేదు.

ఆ శనివారం పన్నెండున్నరకు భార్యాపిల్లలతో ఒకాయన దిగారు.

"భోజనాలు మొదలయ్యేయాండి?"

"ఇది స్థలాల ఆఫీసండి" అన్నారు మావయ్య.

"ఆయ్, అది కూడా రాసేరండి. కూర అయిపోలేదు కదా?"

పైనుంచి అత్తయ్య కేక. "ఎంతమందండీ?"

"నలుగురు!" అనేశారు మావయ్య. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఆకలితో పంపడం ఆయనకు చేతకాదు.

నేను ఫోన్ తీసి, జనం ఏ మాటలు వెతికి మా దగ్గరకు వస్తున్నారో చూశాను. అన్నిటికన్నా పైన "అమలాపురంలో ఇంటి భోజనం". స్థలాల ఊసే లేదు.

"ఏమైందిరా, మొహం అలా పెట్టేవు?"

"మొదటి స్థానం వచ్చింది మావయ్యా" అన్నాను ఏడుపు గొంతుతో.

పెరుగన్నం దగ్గర ఆ పెద్దమనిషి తలెత్తారు. "ఇంతకీ స్థలాలేవైనా ఉన్నాయాండి?"

"ఉన్నాయండి. ఏ వైపు కావాలి?"

"ఈ కూర వాసన తగిలే వైపు."

వెనక వీధిలో స్థలం ఆ నెలలోనే రిజిస్ట్రేషన్ అయింది. షట్టర్ దిగలేదు. అయితే బెల్లం ఉన్నచోట చీమలు ఆగనట్టు శనివారపు జనమూ ఆగలేదు. "పనసకాయ కొట్టలేక నా చేతులు పడిపోతున్నాయి. ఎవడు రాయించేడో వాణ్ణే కొట్టమనండి" అంది అత్తయ్య.

అందుకే జిగురుపాలు అంటకుండా రెండు చేతులకూ నూనె రాసుకుని, కత్తి పట్టుకుని, ఎదుటనున్న పనసకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ బంధువులను నిజం రాయమని అడగను.