పొద్దుమీకి రమ్మన్నారు

హైటెక్ సిటీ చూడాలని నేను బయలుదేరలేదు. మా బావమరిది సత్యం ప్రగతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశానికి రమ్మన్నాడు, అందుకని బయలుదేరాను. మా ఆవిడ సుబ్బలక్ష్మి తమ్ముడికి సాయం చెయ్యాలని ముందే వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అక్కడ కంప్యూటర్ల వాళ్లు బోలెడుమంది ఉంటారటండి. ఎవరినో ఒకరిని పట్టుకుని మన సంగతి తేల్చుకోండి" అంది.

మన సంగతంటే తెనాలిలో నేను నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్. ఒకప్పుడు తెల్లారకముందే పిల్లలు మా మెట్ల మీద బారులు తీరేవారు. వీధి చివర కంప్యూటర్ సెంటర్ వచ్చాక ఆ మెట్ల మీద పిల్లులు పడుకుంటున్నాయి. లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టినవాళ్లు కొద్దిమంది మిగిలారు. వాళ్లు కూడా మానేస్తే మిషన్లను పాత ఇనప సామాను వాడికి తూకానికి వెయ్యాల్సిందే. పాతికేళ్లుగా వాటి చప్పుడు వింటే తప్ప కాఫీ సయించని మనిషిని.

తెనాలిలో పొద్దున బండి ఎక్కాను. ఎండ పడని వైపు సీటు అడిగి మరీ రిజర్వేషన్ చేయించుకున్నాను. బండి కృష్ణ దాటాక మలుపు తిరుగుతుందని, అప్పుడు ఎండ వైపు మారుతుందని ఆలోచించలేదు. మీరు వెళ్లేటప్పుడు ఆలోచించండి. విజయవాడలో కాఫీ, ఖమ్మం దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం, మాగాయ ముక్క. వరంగల్‌లో మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ ఎండలో వాటి అవసరం లేదని తిన్న తరువాత తెలిసింది.

కాజీపేటలో ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నారు. నలభై ఏళ్లుంటాయి. తెల్లటి పొట్టి చేతుల చొక్కా, చేతిలో సెల్‌ఫోను. పెళ్లికి వచ్చి వెళ్తుంటే కారు చెడిపోయిందని, అందుకే రైలెక్కానని చెప్పారు. ఎదురు సీటులోని కుర్రాడు ఆయన్ని కాసేపు తేరిపార చూసి, "అన్నా, మీరు యాదగిరన్న కాదె? పేపర్ల మీ ఫోటో జూసిన" అన్నాడు.

"ఔ తమ్మీ, నేనే."

కుర్రాడు నా వైపు తిరిగాడు. "గీ అన్న కంపెనీ మస్తు పెద్దది సార్. గోపన్‌పల్లిల పుట్టిండు, జిరాక్సు దుకాణం కాడికెల్లి మొదలు పెట్టిండు. ఇయాల ఎంతమందికి కొలువులిచ్చిండో!"

యాదగిరి గారు సిగ్గుపడి తన పని గురించి రెండు ముక్కల్లో చెప్పారు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరాలు నోటితో చెప్పి రికార్డు చేస్తారట. ఆ మాటలు మన దేశానికి వస్తే, ఇక్కడి పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, కంప్యూటర్ మీద కొట్టి తిరిగి పంపుతారట. ఆఫీసు రాయదుర్గం వైపు, హైటెక్ సిటీ గుండ్రటి భవనం కనిపించేంత దూరంలో ఉందట.

దేవుడే ఈయన కారు చెడగొట్టి నా పక్కన కూర్చోబెట్టాడనుకున్నాను. పెద్దవాళ్లు తటస్థపడితే మొదటి మాటతోనే వాళ్లను ఆకట్టుకోవాలని ఏదో వారపత్రికలో చదివాను. ఆయన "మీరేం పని చేస్తరు సార్?" అని అడగ్గానే వెన్ను నిటారుగా పెట్టి, "కంప్యూటర్ విద్యారంగంలో ఉన్నానండీ" అన్నాను.

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కంప్యూటర్ ఉన్న మాట నిజమే. కుంకుమ బొట్టు పెట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచాం. పాడవుతుందని నేనే ఎవరినీ తాకనివ్వను, నేనూ తాకను.

"కంప్యూటర్ వచ్చినోళ్లు బగ్గ ఉన్నరు సార్. నాకు గావాల్సినోళ్లే దొరుకుతలేరు. అదే పరేషాన్" అన్నారాయన.

ఎవరు కావాలండీ అని అడగడం మర్యాద. అవసరం కూడాను. నేను మాత్రం రాబోయే శతాబ్దంలో కంప్యూటర్ ప్రాముఖ్యం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆయన రెండు మూడుసార్లు నోరు తెరవబోయారు. నేను సాగనివ్వలేదు. ఘట్‌కేసర్ దాటేసరికి ఎదురు సీటు కుర్రాడు నిద్రపోయాడు.

సికింద్రాబాద్‌లో దిగుతూ యాదగిరి గారు తన కార్డు ఇచ్చారు. "సార్, ఇప్పుడు నాకు జర పనుంది. రేపు పొద్దుమీకి ఆఫీసుకు రాండ్రి. తీరికగ మాట్లాడుకుందాం."

పొద్దు, మీకి. నా చెవులకు అది 'రేపటి పొద్దు మీకే' అన్నట్టు వినిపించింది. అంత పెద్దమనిషి ఉదయం వేళ మొత్తం నా పేరున రాసిచ్చేశారనుకుని, ప్లాట్‌ఫాం మీద సూట్‌కేసు బరువు తెలియకుండా నడిచాను. ప్రగతి నగర్ చేరాక సత్యంతో, "రేపు పొద్దున నాకోసం మిగతా పనులన్నీ మానుకున్నాడోయ్ ఆయన" అని చెప్పాను. వాడు పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్నాడు. యాదగిరి గారి మాట ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే వాడే సరిదిద్దేవాడు. నేను చెప్పింది నా అనువాదం.

"బావా, ఎల్లుండి గృహప్రవేశం, రేపు షామియానా వాళ్లొస్తారు, నువ్వు ఉంటావనుకున్నాను" అని గొణిగాడు. గొణుగుతూనే తన పెళ్లినాటి కోటు తీసి ఇచ్చాడు. ఆ పెళ్లినాడు వాడికి పొట్ట లేదు, ఈ వేళ నాకు ఉంది. మా ఆవిడ పైగుండీ పెట్టలేక పెట్టి, "ఊపిరి గట్టిగా పీల్చకండి" అంది.

మర్నాడు టిఫిను కాగానే బయలుదేరాను. వెళ్లేవాళ్లకు దారి చెప్తాను. ప్రగతి నగర్ చెరువు పక్క నుంచి నిజాంపేట మీదుగా పెద్ద రోడ్డు దాకా ఆటో. అక్కడ బస్సు పట్టుకుని మియాపూర్. మియాపూర్‌లో కొండాపూర్ వైపు వెళ్లే సెవెన్ సీటర్ ఆటో. పేరుకు ఏడుగురే గానీ ఎంతమందైనా పడతారు. నా పక్కన ఖాళీ గంపతో ఒకామె కూర్చుంది. మార్కెట్లో కూరగాయలు అమ్ముకుని వస్తోందట. నన్ను ఎగాదిగా చూసి, "ఏంది సారు, గింత ఎండల కోటు ఏస్కున్నవు? పెండ్లా?" అని అడిగింది.

"కాదమ్మా, కంపెనీలో పని."

"గా రాళ్ల గుట్టలల్ల కంపెనీలేందో, కోట్లేందో!" అని నవ్వింది. ఆటోలో అందరూ నవ్వారు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకోకుండా నవ్వాను.

ఆమె మాటలో అబద్ధం లేదు. ఎటు చూసినా బండరాళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టి మరిచిపోయినట్టున్నాయి. వాటి మధ్య కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్డు, రోడ్డు మీద గేదెలు, ఆ వెనక తళతళలాడే అద్దాల గుండ్రటి భవనం. దుమ్ము మాత్రం అందరి మీదా సమానంగా పడుతోంది. కోటు నల్లది కావడం వల్ల నా మీద ఎక్కువ కనిపించింది.

యాదగిరి గారి ఆఫీసు మూడంతస్తుల కిరాయి భవనం. లోపల బల్ల దగ్గరున్న అమ్మాయికి కార్డు చూపించి, "ఉదయం నాకోసం కేటాయించారు" అన్నాను. ఆమె కంగారుగా గేటు దగ్గరి కాపలాదారును పిలిచింది. అతను స్థానికుడు.

"సార్ పొద్దుగాల రారు సార్. మీకేమని చెప్పిండ్రు?"

"పొద్దుమీకి రమ్మన్నారు."

"మరి గదే కదా! పొద్దుమీకి అంటే పొద్దుగూకే యాళ్లకు. మీ దిక్కు సాయంత్రం అంటరు సూడుండ్రి, గది" అని అతను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

తిరిగి ప్రగతి నగర్ వెళ్తే సత్యం షామియానా గుంజలు నా చేత పట్టిస్తాడు. అందుకని అక్కడే కూర్చున్నాను. గదిలో చల్లగా ఏసీ వస్తోంది. చుట్టూ పాతికేళ్ల లోపు పిల్లలు చాలామంది ఉన్నారు. ఆ రోజు ఉద్యోగాలకు టైపు పరీక్ష జరుగుతోందట. పక్క గదిలో మొదటి విడత పిల్లలు కొడుతున్న చప్పుడు వినిపించింది. టక్, కాస్త ఆగి మళ్లీ టక్. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొడుతున్నారు. అన్నంలో రాయి తగిలినట్టు నా పళ్లు జివ్వుమన్నాయి.

మాధవి అనే సూపర్‌వైజరమ్మాయి బయటికొచ్చి రెండో విడతను పిలిచింది. నన్ను చూసి సందేహిస్తూ, "మీరు కూడా పరీక్షకేనాండి?" అంది. కాదనడానికి నోరు తెరిచాను. ఆ టక్ టక్ చప్పుడు మళ్లీ వినిపించింది. "అవునమ్మా" అన్నాను.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒక డాక్టర్ రిపోర్టు కాగితం పక్కన పెట్టి కొట్టమన్నారు. మీటలు మెత్తగా, శబ్దం లేకుండా ఉన్నాయి. మొదటి వరస చివర గంట మోగుతుందని ఎదురుచూశాను, మోగలేదు. అలవాటుగా నా ఎడమ చెయ్యి పైకి లేచి మిషన్ పిడిని కుడివైపుకు తోసింది. అక్కడ పిడి లేదు. కంప్యూటర్ పైన ఎవరో పెట్టుకున్న బుల్లి వినాయకుడి బొమ్మ ఉంది. వినాయకుడు ఎగిరి పక్క కుర్రాడి ఒళ్లో పడ్డాడు. అక్షరాలు వాటంతటవే రెండో వరసకు వెళ్లిపోయాయి. ఆ తరువాత మాత్రం నేను ఎవరినీ చూడలేదు. పిల్లలు మొదటి పేరా దాటకముందే కాగితం పూర్తిచేసి, కోటు గుండీ విప్పి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం ఎదురుగా రేకుల హోటల్లో భోజనం చేశాను. పప్పు బాగుంది, అన్నం మాత్రం పలుకు.

యాదగిరి గారు నిజంగానే పొద్దుమీకి వచ్చారు. కాసేపటికి ఆయన గదిలోంచి పెద్ద నవ్వు వినిపించింది. మాధవి వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లింది.

"మీరా సార్!" అని ఆయన లేచి నిలబడ్డారు. చేతిలో నేను కొట్టిన కాగితం ఉంది. "అందరికన్న జల్దిగ కొట్టినోడు ఎవడని సూస్తే మీరు! కానీ గిది సూడుండ్రి. ఒకటి ఉన్న కాడల్ల ఎల్ కొట్టిండ్రు. పాత మిషన్ల మీద నేర్చుకున్నోళ్లే గిట్ల కొడ్తరు. నేను గూడ గట్లనే నేర్చుకున్న సార్!"

తెలియనివాళ్లకు చెప్పాలి. మా పాత టైపు మిషన్లలో ఒకటి అంకెకు మీట ఉండదు. ఇంగ్లీషు చిన్న 'ఎల్' అక్షరమే అచ్చం ఒకటిలా ఉంటుంది కాబట్టి అదే కొడతాం. పాతికేళ్లుగా పిల్లలందరికీ అదే నేర్పాను. మా మిషన్ కొట్టిన కాగితం మీద తేడా తెలియదు. కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఒకటి ఉన్న ప్రతి మందు మోతాదునూ అది తప్పని గుర్తుపెట్టింది, ఆ గుర్తులు ఆయన చేతిలోని కాగితం మీదా ఉన్నాయి.

"మరి కంప్యూటర్ విద్యారంగమన్నరు?"

"టైపు మాస్టర్నండీ" అన్నాను తల వంచుకుని. "తెనాలిలో ఇన్‌స్టిట్యూట్. మూతపడబోతోంది."

ఆయన బల్ల మీద చరిచారు. "అరె! రైల్లనే చెప్తే అయిపోతుండె గద సార్! నాకు గావాల్సింది గదే. మీటలు సూడకుంట కొట్టేటోళ్లు. మీ పిల్లల్ని పంపుండ్రి. పరీక్ష పాసైనోళ్లందర్ని తీసుకుంట. కొత్త బ్యాచీలు కూడ పెట్టుండ్రి. ఫికర్ చేయకుండ్రి, ఒకటి కాడ ఒకటి కొట్టుడు మాత్రం నేర్పి పంపుండ్రి."

నా కళ్లు తడిశాయి. సంతోషం మనిషిని ఊరికే ఉండనివ్వదు. "నన్ను కూడా ఇక్కడ మాస్టర్‌గా తీసుకోండి" అనేశాను.

ఆయన తన కంప్యూటర్ నా వైపు తిప్పి, ఒక వరస కొట్టమన్నారు. అందులో అన్నీ మోతాదులే. ఈసారి జాగ్రత్తగా, తెలిసి కొట్టాను. చూసుకుంటే రెండుచోట్ల ఎల్ పడింది. నా వేలు నన్ను అడగలేదు.

"మీరు వద్దు సార్" అన్నారాయన మెత్తగా. "దవాఖాన పని. ఒకటి తప్పయితే మందు తప్పయితది. మీ పిల్లలు సాలు."

గృహప్రవేశం బాగా జరిగింది. షామియానా ఒకవైపు వాలిందని సత్యం ఇప్పటికీ అంటున్నాడు. మా ఆవిడ మరో నాలుగు రోజులు ఉంటానంది. నేను ఒక్కడినే తెనాలి బండి ఎక్కాను. హైటెక్ సిటీ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని దారి పొడవునా ఆలోచించాను. రాళ్లు, దుమ్ము, అద్దాలు ఉన్నాయి. అక్కడ నా పిల్లలకు చోటుంది. ఇన్‌స్టిట్యూట్ మూతపడదు. ఇంతకంటే ఏం కావాలని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ లోపల ఎక్కడో చివుక్కుమంది. నా వేళ్లకు చేతకాని పని నేను వాళ్లకు నేర్పాలి.

అందుకని మోకాళ్లనే మిషన్ అనుకుని అభ్యాసం మొదలుపెట్టాను. ఒకటి అనుకోగానే ఎడమ చిటికెన వేలు పై వరసకు వెళ్లాలి. వెళ్లదు. కుడి ఉంగరం వేలు ఎగిరి ఎల్ మీద పడుతుంది. మళ్లీ ఒకటి, మళ్లీ ఎల్.

ఎదురుగా కూర్చున్న ముసలావిడ చాలాసేపు నా చేతులనే చూసింది. ఇక ఉండబట్టలేక ముందుకు వంగి, "నరాల జబ్బా నాయనా?" అని జాలిగా అడిగింది.

"కాదమ్మా. ఒకటి నేర్చుకుంటున్నాను."

"ఏమిటది?"

"ఒకటే" అన్నాను.

ఆవిడ పక్కావిడ వైపు చూసింది. నేను మళ్లీ మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాను. ఖమ్మం వచ్చేసరికి చిటికెన వేలు నేను చెప్పకుండానే ఒక్కసారి పైకి వెళ్లింది.