నలభై నాలుగో మనిషి

జూన్ నెల మొదటి సోమవారం. పొద్దున ఆరు నలభైకి బొల్లారంలో కంపెనీ బస్సు దిగాను. సన్నగా తుంపర పడుతోంది. సెక్యూరిటీ గార్డుగా నాకు వేసిన చోటు ఒక మందుల ముడిసరుకు కర్మాగారం, రెండో నంబరు గేటు. డ్యూటీ ఏడు నుంచి ఏడు వరకు. సామాను: నీలం యూనిఫాం రెండు జతలు, విజిల్, టార్చి, వాకీటాకీ, రెయిన్‌కోటు. పట్టాళంలో ఇరవై ఏళ్లు వీపున మోసిన బరువు ముందు ఇది చేతిసంచితో సమానం.

ఊళ్లో ఎవరు కలిసినా మంచుకొండల ముచ్చట్లు అడుగుతారు. చెప్తాను. కానీ నా మొత్తం నౌకరీలో ఇప్పటికీ తలుచుకుని దండం పెట్టుకునేది ఆ గేటు దగ్గర గడిపిన రెండేళ్లకే.

ముందు స్థలం చెప్పాలి. గేటుకు ఎడమ పక్క నా కేబిన్. దాని పక్కనే లారీలు తూచే కాంటా. ఎదురుగా రెండు వందల అడుగులు వేస్తే ట్యాంకుల యార్డు. యార్డు వెనకాల ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది. కర్మాగారం అవతలి కొసన మొదటి గేటు, దాని ముందు ఖాళీ జాగా. ప్రమాదం జరిగితే అందరూ చేరాల్సింది అక్కడే. రోడ్డు నిండా గుంతలు, గుంతల నిండా వాననీళ్లు. మొదటి రోజు వాసనకు కళ్లు మండాయి. మూడో రోజుకు ముక్కు అలవాటు పడింది.

ఆర్డర్లు రెండే. లోపలికి వచ్చే, బయటికి పోయే ప్రతి బండీ రిజిస్టర్లో ఎక్కాలి. కాంట్రాక్టు మీద పనిచేసే ప్రతి మనిషీ యంత్రం మీద వేలు పెట్టాకే గేటు దాటాలి.

నేను ఒక సంగతి దాచి ఆ ఉద్యోగంలో చేరాను. పట్టాళంలో చివరి ఏడాది మా బండి కొండదారిలో బోల్తా పడింది. తల రాయికి తగిలింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాను. స్కానింగులో ఏమీ లేదన్నారు. కానీ అప్పటి నుంచి పేర్లు జారిపోయేవి. తెలిసిన మొహం ఎదురుగా నిలబడి నవ్వేది, పేరు మాత్రం నోటికి వచ్చేది కాదు. పింఛను కాగితాల మీద సంతకం పెడుతూ ఆరోజు తారీఖు ఏమిటని గుమాస్తాను మూడుసార్లు అడిగాను. మా ఆవిడకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగో రోజే బయటపడింది. పదిన్నరకు రేడియో మోగింది. కర్మాగారం భద్రత చూసే ఆఫీసరు ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. అందరూ సేఫ్టీ మేడం అంటారు. పొద్దున వచ్చిన ట్యాంకరు వెళ్లిపోయిందా అని అడిగింది. వెళ్లింది మేడం అన్నాను. అది వెళ్లలేదు. నా కేబిన్‌కు ముప్పై అడుగుల దూరంలో కాంటా వెనక నిలబడి ఉంది. వెళ్లిపోయింది ముందురోజు వచ్చిన ట్యాంకరు. మేడం స్వయంగా వచ్చి చూసింది. అరవలేదు.

"రిజిస్టరు చూసి చెప్పండి. జ్ఞాపకం మీద చెప్పొద్దు" అని మాత్రం అని వెళ్లిపోయింది.

సరైన ఆర్డరే. రిజిస్టరు తీసి ఆ పూట బండ్లన్నీ మళ్లీ చదువుకున్నాను.

ఇదంతా కాంటా గదిలోంచి చాచా చూశాడు. కాంటా మీద పనిచేసే పెద్దమనిషి ఆయన. పటాన్‌చెరు వాడు. అరవై దాటాయి. తెల్లగడ్డం, మోకాళ్ల నొప్పులు. డ్రైవర్లు, కూలీలు అందరికీ ఆయన కాంటా చాచానే. పదకొండింటికి రెండు టీలు పట్టుకుని నా కేబిన్‌కు వచ్చాడు. ఎందుకో ఆయనకు అన్నీ చెప్పేశాను. బండి బోల్తా పడటం, తారీఖు మరిచిపోవటం, భయం.

ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "ఫౌజీ, పొద్దుగాల లేసి ఉరికేటోనివి గదా. కాళ్లకు పీటీ చేస్తివి, చేతులకు చేస్తివి. దిమాగ్‌కు ఎవడు చేయిస్తడు?"

అప్పుడే ఒక లారీ కాంటా ఎక్కింది. నిండు బండి ఇరవై ఎనిమిది వేల నాలుగు వందల అరవై కిలోలు. ఖాళీ బండి పదకొండు వేల ఎనిమిది వందల తొంభై. సరుకెంతో చెప్పమన్నాడు. నేను ఫోను తీయబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. పన్నెండు వేలు తీసెయ్యి, ఎక్కువ తీసిన నూటపదీ మళ్లీ కలుపు అన్నాడు. నేను ఇంకా తీసివేతలోనే ఉన్నాను, ఆయన పదహారు వేల ఐదు వందల డెబ్బై అన్నాడు. యంత్రం చీటీ ఆ తర్వాత బయటికి వచ్చింది. అదే అంకె.

చాచాకు ఈ అలవాటు ఊరికే రాలేదు. ఆయన అన్న దర్జీ. బస్తీలో సగం మంది కొలతలు కాగితం లేకుండా చెప్పేవాడట. మిషను మూలన పెట్టి, పొద్దస్తమానం టీవీ ముందు కూర్చున్న రెండు మూడేళ్లకు తమ్ముణ్ణి చూసి ఎవరు నువ్వని అడిగాడట. పని మానటానికీ, మతి పోవటానికీ సంబంధం ఉందో లేదో డాక్టర్లకే తెలుసు, నేనైతే భయపడ్డాను అన్నాడు చాచా. ఆ రోజు నుంచి యంత్రం కంటే ముందు లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ మర్నాటి నుంచి నాకు ట్రైనింగు. లారీ తూకాలు మనసులో తీసెయ్యాలి. పొద్దున వచ్చిన బండ్ల నంబర్లు సాయంత్రం ఐదింటికి వరసగా అప్పజెప్పాలి. మొదటి వారం పది నంబర్లలో మూడు చెప్పాను. తల దిమ్మెక్కేది. ఇంకో వారానికి నాలుగు. పట్టాళంలో కొత్త సిపాయిని కూడా ఇంత తిప్పలు పెట్టరని విసుక్కున్నాను. ఆయన నవ్వి ఇంకో పని తగిలించాడు, ఉర్దూ అక్షరాలు. కాంటా పక్క సిమెంటు గచ్చు మీద సుద్దతో రాసేవాడు. నేను కింద రాసేవాణ్ణి. లారీ టైర్లు తుడిచేసేవి. మళ్లీ రాయాల్సిందే. ఒక చుక్కకు ఒక అక్షరం, రెండు చుక్కలకు ఇంకొకటి. ఒకరోజు కోపం వచ్చి సుద్ద పారేశాను. నాలుగు రోజులు ఆయన గదివైపు పోలేదు. ఐదో రోజు నా టీ నా కేబిన్‌కే వచ్చింది, గ్లాసు కింద సుద్దముక్కతో సహా.

మనుషుల్ని గుర్తుపెట్టుకోవటానికి ఆయన ఒక దారి చెప్పాడు. "పేరు వెనక. ముందుగాల చేతిల ఏమున్నదో సూడు. పేరు అందరూ చెప్తరు, చేయి నువ్వే సూడాలె."

అట్లా చూడటం మొదలుపెట్టాను. టిఫిను డబ్బా ఎవరిది, గొడుగు ఎవరిది, ఫోను ఏ చేతిలో. సాయంత్రం షేర్ ఆటోలో కిష్టారెడ్డిపేటకు పోతూ కళ్లు మూసుకుని ఆ రోజు గేటు దాటిన వాళ్లను వరసగా మళ్లీ నడిపించేవాణ్ణి. అన్నం తినేటప్పుడు మా ఆవిడ అడిగేది, నేను చెప్పేవాణ్ణి. మొదట్లో గిదేం పిచ్చి అని నవ్వింది. తర్వాత ఆమె కూడా చీటీ లేకుండా కిరాణా తేవటం మొదలుపెట్టింది. జనవరికి పది బండ్లలో తొమ్మిది నంబర్లు చెప్పగలిగాను. అన్నీ తిరిగి వచ్చాయని అనను. ఇప్పటికీ కొన్ని పేర్లు జారుతాయి. కానీ పొద్దున లేవగానే ఉండే భయం పోయింది.

ఫిబ్రవరి చివరి వారం, మంగళవారం. ఎండ బాగా ఉంది. గాలి యార్డు వైపు నుంచి నా గేటు మీదికి వీస్తోంది. రెండింటికి షిఫ్టు మారింది. రెండు ఐదుకు పొద్దున షిఫ్టు వాళ్లు బస్సెక్కారు.

రెండు పన్నెండుకు బాలమణి వెనక్కి వచ్చింది. యార్డు పక్క ఊడ్చి కడిగే పనిమనిషి ఆమె. బొల్లారంలోనే ఉంటుంది. చెప్పు తెగిందనీ, లోపల గదిలో పాత చెప్పులున్నాయనీ, రెండు నిమిషాల్లో వస్తాననీ అంది. యంత్రం దగ్గర ఆలస్యంగా వచ్చిన వాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. చేతితో పొమ్మని సైగ చేశాను. వేలు పెట్టించలేదు. రిజిస్టర్లో రాయలేదు. తప్పు నాది.

రెండు ఇరవైకి సైరన్.

రేడియోలో సేఫ్టీ మేడం గొంతు. "గేట్ టూ. యార్డులో ఆసిడ్ దించుతుంటే గొట్టం ఊడింది. గాలి మీ వైపే ఉంది. కేబిన్ వదిలి వచ్చేయండి."

"గేట్ టూ. వదిలేస్తున్నా."

యార్డు మీద తెల్లటి పొగ లేచింది. పొగమంచు కమ్మినట్టు నేల మీదే పాకుతూ వస్తోంది. తువాలు తడిపి మూతికి కట్టుకున్నాను. ఇంకోటి చాచాకు కట్టాను. ఆయన మోకాళ్లతో పరుగెత్తలేడు. చంక కింద చెయ్యి వేసి గోడ వెంట చుట్టు తిప్పి తీసుకుపోయాను. ఆ పది నిమిషాల్లో బాలమణి నాకు గుర్తు రాలేదు. దాచను.

రెండు ముప్పై ఒకటికి ఖాళీ జాగా చేరాం. కంట్రోల్ రూము నుంచి యంత్రం లెక్క వచ్చింది. మా గేటు తరఫున లోపల ఉన్నవాళ్లు నలభై మూడు. మేడం రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై మూడు. సరిపోయింది. జనం ఊపిరి వదిలారు. ఎవరో నీళ్ల సీసా తిప్పారు.

నేను అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాను. ఒంటిగంటన్నర నుంచి గేటు దాటిన వాళ్లను నడిపించాను. మధ్యాహ్నం షిఫ్టు ముప్పై ఎనిమిది. ట్యాంకరు డ్రైవరు, క్లీనరు. పొద్దున షిఫ్టులో ఆగిపోయిన ముగ్గురు. నలభై మూడు. వాళ్ల వెనక ఇంకొక మనిషి నడిచింది.

మేడంకు చెప్పాను. లోపల ఒకరున్నారు, బాలమణి అని. ఆమె సూపర్‌వైజరు అడ్డం వచ్చాడు. ఆమె బస్సెక్కటం కళ్లారా చూశానన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమె ఫోనుకు చేశాడు. మోగింది, ఎత్తలేదు. బస్సు చప్పుడులో వినపడదు అన్నాడు.

మేడం నా మొహంలోకి చూసింది. "లెక్క సరిపోయింది. ఇప్పుడు లోపలికి పంపితే ఇద్దరి ప్రాణాలు పణం పెట్టినట్టే. మీరు ఖచ్చితంగా చెప్తున్నారా?"

కాంటా వెనక నిలబడిన ట్యాంకరు కళ్ల ముందుకు వచ్చింది. నేను చూసింది ఈరోజు సంగతేనా? నిన్నటిదా?

పక్కన నేల మీద కూర్చున్న చాచా తల ఎత్తాడు. గొంతు పెంచలేదు. "ఫౌజీ. ఆమె చేతిల ఏముండె?"

"ఎడమ చేతిల తెగిన చెప్పు" అన్నాను. "కుడి కాలికి చెప్పున్నది. ఎడమ కాలు ఉత్తదే. నేల కాలుతుంటే మునివేళ్ల మీద నడిసింది. టిఫిను సంచి లేదు." నిన్న ఆమె చెప్పు తెగలేదు. మొన్నా తెగలేదు. మేడం వైపు తిరిగాను. "ఒక మనిషి తక్కువ, మేడం. బట్టలు మార్చుకునే గది. వేలు పెట్టించకుండ నేనే పంపిన."

మేడం వెంటనే గాలి సిలిండర్లు కట్టుకున్న ఇద్దరిని పంపింది. రెండు ముప్పై ఎనిమిది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. సరిహద్దులో గస్తీకి పోయిన వాళ్ల కోసం ఎన్నోసార్లు ఎదురుచూశాను. ఆ తొమ్మిది నిమిషాలంత పొడుగు ఏ రాత్రీ లేదు.

రెండు నలభై ఏడుకు రేడియో పలికింది. "దొరికింది. మాట్లాడుతోంది."

గది తలుపు పొగ వైపే తెరుచుకుంటుంది. బాలమణి బయటికి రాలేక తలుపు వేసుకుంది. కొంగు తడిపి తలుపు సందులో కుక్కింది. నీళ్ల కుళాయి పక్కన మూతి మూసుకుని కూర్చుంది. ఇంకో అరగంట అయితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేదు. కళ్లమంట, దగ్గుతో రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి పోయింది. ఆమె బస్సెక్కిన మాట కూడా నిజమే. మెట్టు మీదే చెప్పు తెగింది. సంచి, ఫోను సీట్లో పెట్టి దిగింది. బస్సు ఆగలేదు.

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. వేలు పెట్టించకుండా మనిషిని పంపినందుకు. సంతకం పెట్టాను. న్యాయమైన మెమో. ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో పతకాల పక్కనే ఉంది. కాగితం నా చేతికిచ్చాక మేడం, ఆ రోజు రిజిస్టరు లెక్క నమ్మి తాను ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే నిద్ర పట్టలేదని చెప్పింది.

చాచాకు మొక్కబోయాను. భుజాలు పట్టుకుని లేపాడు. కసరత్తు చేసింది నువ్వు, షుక్రియా నాకెందుకు అన్నాడు. వారం తర్వాత బాలమణి సర్వపిండి చేసి తెచ్చింది. సగం ఆయనకు, సగం నాకు. "నీ యాది సల్లగుండాలె అన్నా" అంది. అంతకంటే పెద్ద దీవెన నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

రెండేళ్లకు కాంట్రాక్టు ముగిసింది. విజిల్, టార్చి, వాకీటాకీ అప్పజెప్పి సంగారెడ్డి దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఇప్పుడు కూరగాయలు పండిస్తాను. మార్కెట్లో తూకం నేనే ముందు చెప్తాను. చాచా కూడా పని మానుకున్నాడు. ఆదివారం ఆదివారం నాకు ఉర్దూలో చిన్న ఉత్తరం రాస్తాడు. చదవటానికి నాకు గంట పడుతుంది. ఆ గంట నాకిష్టం.

పట్టాళంలో చూసినవి చాలావరకు మసకబారాయి. ఒక్కటి మాత్రం మసకబారదు. ఆ మధ్యాహ్నం ఖాళీ జాగాలో పనివాళ్లు విభాగాల వారీగా నిలబడ్డారు. ఊడ్చే ఆడవాళ్లు ఆఖరి వరసలో ఉన్నారు. నేను బాలమణి పేరు చెప్పగానే, ఎవరూ చెప్పకుండానే, ఇద్దరు అటూ ఇటూ జరిగారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు. సిలిండర్ల వాళ్లు పోయి, ఆమె దొరికిందన్న మాట వచ్చి, ఆంబులెన్సు వెళ్లిపోయేదాకా ఆ ఇద్దరూ దగ్గరికి జరగలేదు. ఎండ సరిగ్గా ఆ చోట పడుతోంది.