గున్నయ్య ఎడమ భుజం

మా మామయ్య ఏనుగు. అల్లుళ్ళు మామల గురించి నానా మాటలూ అంటారు గానీ, నేనీ మాట కోపంతో అనడం లేదు. అక్షరాలా నిజం కనక అంటున్నాను, పైగా మహా గర్వంగా అంటున్నాను. నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో గున్నయ్య వచ్చేవాడు. బూడిదరంగు ఒళ్ళు, బస్తాలాంటి పొట్ట, ఒక పక్కకి వేలాడే చెవి. పిల్లలు ఫోన్ చేస్తే అప్పటికప్పుడు జవాబు చెప్పేవాడు. పళ్ళు తోముకోనివాళ్ళకి చీవాట్లు, పరీక్ష తప్పినవాళ్ళకి ఓదార్పు, తమ్ముణ్ణి కొట్టినవాళ్ళ చేత అక్కడికక్కడే క్షమాపణ. ఆ అరగంటా వీధిలో ఒక్క పిల్లాడు కనపడితే ఒట్టు. ఆ ఏనుగు ఒళ్ళు మా మామయ్యది. గొంతు మాత్రం వేరే ఆవిడది.

అప్పట్లో నాకు నత్తి. అంతా ఇంతా కాదు, నా పేరు నేను చెప్పేలోపు అడిగినవాళ్ళు తమ దారిన తాము పోయేవారు. ఇప్పుడు కళ్ళద్దాల షాపులో కూర్చుని వచ్చినవాళ్ళందరి బుర్రా తినే నేను, బళ్ళో హాజరు పలకలేక చెయ్యెత్తి ఊరుకునేవాణ్ణి. అలాంటి నేను ఒక ఆదివారం పక్కింటివాళ్ళ హాల్లోంచి గున్నయ్యకి ఫోన్ చేశాను. అందరికీ ఎంగేజ్ వచ్చే లైను నా ఖర్మ కొద్దీ కలిసింది. నీ పేరేంటి నాన్నా అన్న గొంతు ఫోన్లోంచీ టీవీలోంచీ ఒకేసారి వినిపించింది. నోరు తెరిచాను, మాట రాలేదు. ఊరూవాడా చూస్తోంది. వెనక పక్కింటి పిల్లలు కిసుక్కుమన్నారు.

గున్నయ్య మెల్లగా నేల మీద చతికిలబడి, పక్కనున్న ఖాళీ చోటుని మణికట్టు వెనకవైపుతో రెండుసార్లు తట్టాడు, వచ్చి కూర్చోమన్నట్టు. తర్వాత తొండం ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. తొందరపెట్టలేదు, నా నోట్లో మాట తను అందించలేదు. నా పేరు చెప్పాను. తరగతి చెప్పాను. నాకు నత్తి అని కూడా చెప్పేశాను. అంతా విన్నాక, "నాకేం తొందర్లేదురా, ఏనుగులకి వాచీ ఉండదు" అన్నాడు. ఆ తర్వాత పక్కింటి పిల్లలు నన్ను చూసి నవ్వలేదు. గున్నయ్యకే లేని తొందర వాళ్ళకెందుకు?

పెద్దయ్యాక నత్తి చాలావరకు పోయింది. బాగా కంగారు పడితే మాత్రం చుట్టపుచూపుగా వచ్చిపోయేది. మా ఆవిణ్ణి చేసుకుంటానని అడగడానికి మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళిన రోజు, ఆ నత్తి పిలవకుండానే వచ్చి కూర్చుంది. వాళ్ళ నాన్న టీవీ స్టేషన్లో ఎలక్ట్రికల్ సెక్షన్ మనిషని చెప్పింది మా ఆవిడ. ఇల్లు చూస్తే నమ్మక తప్పదు. హాలు నిండా వీధివాళ్ళ చచ్చిపోయిన ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ ఉన్నాయి. ఆయన ముక్తసరి మనిషి. ఏం చేస్తుంటావు బాబూ అని అడిగి ఊరుకున్నాడు. కళ్ళద్దాలు అనాలి నేను. 'క' దగ్గరే ఇరుక్కున్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. విప్పి పడేసిన ఫ్యాన్ సంగతేదో చూడబోతున్నట్టు నేల మీద చతికిలబడ్డాడు. పక్కనున్న ఖాళీ చోటుని మణికట్టు వెనకవైపుతో రెండుసార్లు తట్టాడు.

అలా తట్టేవాళ్ళు ఎవరుంటారండీ? మనుషులు అరచేత్తో తడతారు. ఏనుగు చేతికున్న తొడుగు బిగుసుకుపోయి అరచెయ్యి తిరగదు కనక, మణికట్టు వెనకతో తట్టడం ఒక్క గున్నయ్యకే ఉంది. నత్తి ఎటు పోయిందో తెలీదు, "మీరు గున్నయ్య" అన్నాను. టీ తెస్తున్న మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన మాత్రం తలెత్తకుండా స్క్రూ బిగించుకుంటూ, "గున్నయ్యంటే గొంతిచ్చినావిడ బాబూ. నేను ఎలక్ట్రికల్ సెక్షన్" అన్నాడు.

అసలు కథ పెళ్ళయ్యాక మా ఆవిడ చెప్పింది. ఉద్యోగంలో చేరిన రోజునే ఆయన్ని డైరెక్టర్ పక్కకి పిలిచి, లోపల ఒక మనిషున్నాడని పిల్లలకి తెలిసిన రోజున గున్నయ్య చచ్చిపోతాడు అన్నాడట. అందరికీ చెప్పే మాటే అది. ఆయన మాత్రం దాన్ని గుండెల్లో పెట్టుకున్నాడు. వీధిలో ఎలక్ట్రికల్ అని చెప్పాడు. చెప్పిన పాపానికి మర్నాటి నుంచీ పాడైన ఫ్యాన్లు గుమ్మంలోకి రావడం మొదలెట్టాయి. మొదట్లో వాటిని గుట్టుగా వేరే పేటలో బాగుచేయించి తెచ్చేవాడట. అలా ఎన్నాళ్ళని, చివరికి పని నేర్చేసుకున్నాడు. ఒక అబద్ధాన్ని ఇంత కష్టపడి నిజం చేసిన మనిషిని నేనింకొకరిని చూడలేదు.

మా ఆవిడ బాధ వేరు. బళ్ళో పిల్లలంతా సోమవారం పొద్దున గున్నయ్య కబుర్లే చెప్పుకునేవారు. తను పక్కనే కూర్చుని, నోటిదాకా వచ్చిన మాట మింగేసేది. మీ నాన్నేం చేస్తారని ఎవరడిగినా ఎలక్ట్రికల్ సెక్షన్ అనేది. చిన్నపిల్ల కడుపులో అంత పెద్ద ఏనుగు దాచుకోవడం మాటలా?

కొన్నాళ్ళకి మామయ్య నాకు పని రహస్యం చెప్పాడు, అదీ నా పోరు పడలేక. కార్యక్రమానికి రాసిపెట్టిన మాటలు ఉండేవి కావు. పిల్లలేం అడుగుతారో ఎవరికి తెలుసు? గొంతిచ్చే ఆవిడ అద్దాల గదిలో మైకు ముందు కూర్చునేది. ఈయన ఏనుగు నోట్లో ఉన్న జల్లెడలాంటి జాలీలోంచి లోకాన్ని చూసేవాడు. ఏనుగు దవడని ఒక పట్టీతో ఈయన గడ్డానికి కట్టేవారు. ఆవిడ ఎప్పుడు మాట్లాడుతుందో ఈయనకి తెలీదు, ఈయన ఎప్పుడు నోరు కదుపుతాడో ఆవిడకి తెలీదు. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిల్లలు చెప్పాల్సింది చెప్పేశారని ఈయనకి తోచగానే ఎడమ భుజం పైకి లేచేది. అది చూసి అద్దం వెనక ఆవిడ ఊపిరి పీల్చేది. భుజం దిగుతుంటే మాట మొదలయ్యేది, దాన్ని పట్టుకుని ఈయన దవడ ఆడేది. భుజం లేవకపోతే మాట లేదు.

అంటే, నా ఫోన్ వచ్చిన రోజు నాకోసం ఆగింది ఈయన. పాపం పిల్లాడని ఏదో ఒకటి అందించి గట్టెక్కిద్దామని ఆవిడకి ప్రాణం కొట్టుకుందట. ఈయన భుజం కదల్లేదు. ఈ ముక్క విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మామయ్య కంగారుపడి ఫ్యాన్ వేశాడు.

కార్యక్రమం ఆగిపోయాక ఆవిడకి మంచి పేరొచ్చింది. పేపర్లలో ఫొటోలు వేశారు, టీవీల్లో కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆవిడ వస్తోందంటే మామయ్య సౌండు పెంచి మరీ వినేవాడు. ఆవిడ తప్పేం లేదు. పేరు బయటపెట్టొద్దని మామయ్యే ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఇదిలా ఉండగా టీవీ స్టేషన్ వాళ్ళు వార్షికోత్సవం పెట్టారు. గున్నయ్య మళ్ళీ వస్తున్నాడని ఊరంతా బోర్డులు. కొత్త వేషం కుట్టించారు, లోపలికి ఒక డాన్సరుని పెట్టారు, గొంతుకి పాత ఆవిణ్ణే పిలిచారు. లోపల ఒకప్పుడు ఎవరుండేవారో ఇప్పుడక్కడ తెలిసినవాళ్ళు లేరు. మామయ్యకి పిలుపు రాలేదు. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. మా ఆవిడే ఆ రోజంతా గిన్నెల మీద కోపం చూపించి, చివరికి నా దగ్గర బయటపడింది.

"ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. నాన్న బతికుండగా ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, నేనే అని నోటితో అంటే చాలు నాకు."

నేను టికెట్లు తెచ్చాను. మామయ్య రానన్నాడు, వద్దన్నాడు, చివరికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని అందరికంటే ముందు తయారై కూర్చున్నాడు.

హాలు కిక్కిరిసిపోయింది. అందరూ నా ఈడువాళ్ళే, బట్టతలలూ బొజ్జలూ వచ్చిన పిల్లలు. తెర లేవగానే గున్నయ్య గంతులేస్తూ వచ్చాడు. ఈలలు మారుమోగాయి. గొంతిచ్చే ఆవిడ వేదిక చివర కుర్చీలో మైకు పట్టుకుని కూర్చుంది. జుట్టంతా నెరిసిపోయింది. ముందు వరసలో ఒకావిడ లేచి, "గున్నయ్యా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అని అడిగింది.

గొంతిచ్చే ఆవిడ జవాబు మొదలెట్టింది, ఏనుగు నోరు అప్పటికే ఆడి ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టింది. ఈసారి నోరు మాట అయిపోయాక ఆడింది. ఆవిడ కళ్ళు ఏనుగు ఎడమ భుజం మీదే ఉన్నాయి. డాన్సరు పాపం రెండు భుజాలూ ఎడాపెడా ఎగరేస్తున్నాడు. మూడోసారి ఆవిడ గొంతు గున్నయ్యది కాకుండా పోయింది, బెదిరిపోయిన ముసలావిడ గొంతు పలికింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు తెలుసు. నత్తివాళ్ళందరికీ తెలుసు, జాలిపడి కొట్టేవి.

పక్కన చూస్తే మామయ్య కుర్చీ ఖాళీ. నడవలోంచి గబగబా వెళ్ళి, వేదిక మెట్ల దగ్గర వెలుగు పడేచోట ఆవిడకెదురుగా నిలబడ్డాడు. పైకి ఎక్కలేదు, ఎవరితోనూ ఏమీ అనలేదు. ఎడమ భుజం పైకి లేచింది.

ఆవిడ చూసింది. ఊపిరి పీల్చింది. భుజం దిగింది.

"ఎక్కడికి పోతాన్రా? ఇక్కడే ఉన్నాను."

గున్నయ్య. మా పక్కింటి హాల్లో విన్న గున్నయ్యే. హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. కిందనున్న తెల్లచొక్కా మనిషి దవడ ప్రతి మాటకీ ఆడుతోంది. ఆ సంగతి ఆయనకి తెలీదు, అలవాటైన గడ్డం దాని పని అది చేసుకుపోతోంది. ముందు వరసలవాళ్ళు మెడలు తిప్పి చూడసాగారు.

అప్పుడావిడ మైకు నోటి దగ్గరే ఉంచుకుని, మామయ్య వంక చూస్తూ ఆగింది. ఏదో చెప్పాలి, చెప్పడం లేదు. భుజం కోసం చూస్తోంది. ఆవిడేం అడుగుతోందో మామయ్యకి అర్థమైంది, అందుకే కదల్లేదు. ఆ ఒట్టు నుంచి తనని విడిచిపెట్టమంటోంది. మా ఆవిడ నా చెయ్యి నలిపేస్తూ, పెదాల చివర గొణిగింది.

"ఎత్తు నాన్నా."

ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు. చివరికి ఎడమ భుజం లేచింది.

"పిల్లలూ, వేదిక మీద వెతక్కండి. ఆ వేషం వేరే అబ్బాయిది, ఈ గొంతు వేరే ఆవిడది. నేను మెట్ల దగ్గర తెల్లచొక్కాలో నిలబడి ఉన్నాను."

ఆ మాటలకి కూడా ఆయన దవడ ఆడింది, ఒక్క అక్షరం తప్పకుండా. జనం లేచి నిలబడ్డారు. ఈసారి చప్పట్లలో జాలి లేదు. నా పక్క సీటాయన మా ఆవిడ వైపు వంగి ఎవరండీ ఆయన అని అడిగాడు. చిన్నప్పటి నుంచీ బట్టీ పట్టిన జవాబు ఉంది కదా, దాన్ని మింగేసి, మా నాన్న అంది. ఆయన వినిపించుకున్నా, మళ్ళీ చెప్పింది. నేను ఛాతీ ఎంత విరుచుకున్నానంటే చొక్కా గుండీ ఒకటి ఊడింది.

మర్నాడు పొద్దున ఎదురింటి పెద్దావిడ ఇస్త్రీపెట్టె పట్టుకుని వచ్చింది. ఏళ్ళ తరబడి వస్తున్నట్టే వచ్చింది గానీ, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. గున్నయ్యంటే మీరేనటగా, మా అబ్బాయి చెబితే నమ్మలేదు, నిజమేనా అని అడిగింది.

మామయ్య ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. తీగ చూశాడు, ప్లగ్గు చూశాడు, నీళ్ళు నమిలాడు. అవునని నేను అందించబోయి నోరు మూసుకున్నాను. నాకేం తొందర. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పెద్దావిడ నిలబడే ఉంది.

ఆయన ఎడమ భుజం కాస్త పైకి లేచింది.

"నేనేనండీ" అన్నాడు, తన సొంత గొంతుతో.