మేకుకి మూడేళ్ళ క్యాలెండర్లు

ఇన్‌కంటాక్స్ నోటీసు ఫోనుకి వచ్చింది. ఆ సమయంలో నా కుడిచేయి భుజం దాకా ఒక గేదె లోపల ఉంది కాబట్టి వెంటనే చదవలేకపోయాను. చేయి కడుక్కుని చదివాక, ఇంకాసేపు లోపలే ఉంచాల్సిందనిపించింది.

రెండేళ్ళ కిందటి రిటర్నులో కారు ఖర్చు కింద లక్షా ఎనభై వేలు చూపించాను. డీజిలు, టైర్లు, బీమా, రిపేర్లు. ఆ కారు నా వృత్తి కోసమే తిరిగిందని పదిహేను రోజుల్లో ఆధారాలు పెట్టమని నోటీసు. పెట్టకపోతే ఆ మొత్తం నా ఆదాయంలో కలిసిపోతుంది. దాని మీద పన్ను, వడ్డీ, ఆపైన జరిమానా. ప్రైవేటు పశువైద్యుణ్ణి, నా దగ్గర అమ్మితే పలికే వస్తువు గేదెల కడుపు చూసే స్కానింగ్ మిషను ఒక్కటే. అది పోతే నా ప్రాక్టీసులో మిగిలేది నా చేయి.

రాజమండ్రిలో మా ఆడిటరు గారు నోటీసు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీయడం మంచి కబురు కాదు.

"వచ్చినదాంట్లో సగం లాభం అని చూపించేసి ఉంటే మిమ్మల్ని ఎవరూ పుస్తకాలు అడిగేవారు కాదండి. మనుషుల డాక్టర్లకున్న సదుపాయమే మీకూ ఉంది. మీరే ఖర్చులు సగం కంటే ఎక్కువన్నారు."

"ఎక్కువేనండి."

"మందులకి బిల్లులున్నాయి, సరే. మిషనుకి తరుగుదల వస్తుంది, సరే. కారుకి లాగ్ బుక్కేదండి? ఏ రోజు, ఏ ఊరు, ఎవరి పశువు?"

"అంతా బుర్రలో ఉందండి."

"బుర్ర అప్‌లోడ్ అవ్వదండి." ఆయన డీజిలు బిల్లులు తిరగేశారు. "శివరాత్రి రోజున పట్టిసీమ దారిలో కొట్టించారు. అక్కడెవరి గేదె?"

"మా అత్తగారిని గుడికి తీసుకెళ్ళాను. దారిలో ఒక ఆవుని కూడా చూశానండి."

"ముందు ఆవైతే ఖర్చు. ముందు గుడైతే భక్తి. ఏది ముందు?"

ఆయన ఆ బిల్లు పక్కన పెట్టారు. పక్కన పెట్టినవాటి దొంతర పెరుగుతూ పోయింది.

నేను ఎక్కడెక్కడికి వెళ్ళానో నాకు గుర్తులేకపోయినా, వెళ్ళిన ఇళ్ళల్లో రాసి ఉంటుంది. మా వైపు పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ గోడ క్యాలెండరే రికార్డు. గ్యాసు బండ వచ్చిన రోజు, గేదె ఎదకొచ్చిన రోజు, డాక్టరు వచ్చిన రోజు, అన్నీ ఆ గళ్ళల్లోనే రాస్తారు. చిక్కల్లా ఏమిటంటే నాకు కావాల్సింది రెండేళ్ళ కిందటి క్యాలెండరు. పదకొండు రోజులు ఇళ్ళ చుట్టూ తిరిగాను. ఒకరింట్లో అది బీరువా అరల్లో పరిచి ఉంది. ఇంకొకరింట్లో ఆగస్టు నెల లెక్కల పుస్తకానికి అట్టగా మారింది, దేవుడి బొమ్మ పైకి, నా హాజరు లోపలికి. ఆ తిరుగుడుకి అయిన డీజిలుకి బిల్లు మాత్రం జాగ్రత్తగా తీసుకున్నాను.

నాలుగు రోజులు మిగిలాయనగా, సగవాటాకి గేదెల్ని మేపే ఒకావిడ గుర్తొచ్చింది. గేదె ఊళ్ళో ఆసామిది, చాకిరీ ఆవిడది. డాక్టరు ఫీజు అప్పటికి ఆవిడే తన చేతి నుంచి ఇస్తుంది. గేదెను అమ్మిన రోజున కొన్న ధర, డాక్టరు ఖర్చు తీసేసి, ఆ ఖర్చు ఆవిడకిచ్చి, మిగిలింది చెరిసగం పంచుకుంటారు. కాబట్టి గేదె అమ్ముడయ్యేదాకా క్యాలెండరు పారేయరు. పాత దాని మీద కొత్తది తగిలిస్తారు.

"ఆయ్, ఉన్నాయండి," వెళ్ళి అడిగితే అందావిడ. "మూడేళ్ళవీ ఒకే మేకుకున్నాయి. పెద్ద గేదెనమ్మేశాం కదండి, ఇవాళే దించాను. లెక్కకి ఆసామి గారొస్తున్నారు."

నులకమంచం మీద పరిచి ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. చక్కటి చేతిరాత. 'డాక్టరు 300.' 'డాక్టరు 400, మందులు వేరే.' ఏడాదిలో పంతొమ్మిదిసార్లు వచ్చాను. నా కారు తిరిగిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఆరో ఫోటో దగ్గర చేయి ఆగింది. రిటర్నులో నేను చూపించిన ఫీజులు ఫోనుకి వచ్చినవి. చేతికిచ్చినవి జ్ఞాపకం ఉన్నంత మేరకు. ఆ విషయంలో నా జ్ఞాపకశక్తి కాస్త బలహీనం. ఏ గడి నా ఖర్చును నిలబెడుతుందో, అదే గడి నేను దాచిన ఆదాయాన్నీ చెబుతోంది. ఫోటో అంచులు కత్తిరించవచ్చు. కానీ తేదీ, ఫీజు పక్కపక్కనే ఉన్నాయి.

నవంబరు కాగితం తీశాను. 'డాక్టరు 700. దూడ పోయింది.'

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. దూడ అడ్డం తిరిగింది. రెండు గంటలు లాగాం. దక్కలేదు. ఆవిడ డబ్బులివ్వబోతే తీసుకోకుండా కారెక్కాను. కాగితం మీంచి తలెత్తి చూశాను. ఆవిడ గడ్డి మోపు విప్పుతూ, విప్పుతున్న చోటే ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిరగేసి చూస్తే, నేను మూడొందలు తీసుకున్న రోజులు కొన్ని ఐదొందలుగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఆసామి గారి బండి వచ్చి ఆగింది. లోపలికొచ్చి, నా చేతిలో కాగితం తీసుకుని, వేలు పెట్టి చదివారు.

"ఏంటి డాక్టరు గారూ, ఏడొందలా? దూడ పోయిన రోజున కూడానా? మా ఇంటికొస్తే మీరెప్పుడూ మూడొందలు దాటలేదే."

లేదండి, తీసుకోలేదు అనొచ్చు. అది నిజం, పైగా నా పన్ను కూడా తగ్గుతుంది. ఆ ఒక్క మాటతో ఆవిడ మేపుతున్న మిగతా మూడు గేదెలూ సాయంత్రానికల్లా ఇంకో పాకలో ఉంటాయి. ఆవిడ నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పడం ఇంకాస్త తేలికయ్యేది, ఎటువైపైనా.

"కాన్పు కష్టమైందండి," అన్నాను. "రెండు గంటలు పట్టింది. తీసుకున్నాను."

"పోయినా తీసుకున్నారా?"

"పోయినా చేయి నొప్పి ఒకటేనండి."

ఆయన కాగితం మంచం మీద పెట్టారు. "బాగానే సంపాదిస్తున్నారన్నమాట."

"ఇన్‌కంటాక్స్ వాళ్ళూ అదే అంటున్నారండి."

ఆయన నవ్వలేదు. ఏడొందలు ఖర్చుల్లో రాసుకుని, మిగతా గేదెల్ని చూడ్డానికి పాక వెనక్కి వెళ్ళారు. అప్పుడు ఆవిడ నెమ్మదిగా అంది: "గడ్డి ఖర్చు రాయనివ్వరండి. వేసవిలో మోపు ధర ఎంతుంటదో ఆయనకి తెలీదా? డాక్టరు గారికైతే అడగరు."

"ఇవాళ అడిగారు కదమ్మా."

"మీరున్నారనండి," అని మోపు పూర్తిగా విప్పింది. "ఈ ఊళ్ళో సగవాటావాళ్ళు ఇంకా ఎనిమిదిళ్ళల్లో ఉన్నారు. అందరి దగ్గరా క్యాలెండర్లుంటాయి. వెళ్ళి చూసుకోండి."

చూసుకున్నాను. ఆఖరి రోజు ఉదయం ఫోటోలన్నీ, అంచులు కత్తిరించకుండా, ఆడిటరు గారి ముందు పెట్టాను.

"ఫీజులు కూడా కనపడుతున్నాయేంటండి?"

"అదే గడిలో ఉన్నాయండి."

"కారు ఖర్చు నిలబడొచ్చు. కానీ ఈ ఫీజులు మనమే ఒప్పుకుని ఆదాయంలో కలపాలి."

"కలపండి."

ఆయన ఒక్కొక్కటే కూడుకుంటూ నవంబరు దగ్గర ఆగారు. "మా బావమరిది గేదె పోయినప్పుడు మీరు పైసా తీసుకోలేదు. ఇది నిజంగా తీసుకున్నారా?"

"తీసుకున్నానని చెప్పానండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని క్యాలిక్యులేటరు మీద ఏడు, సున్నా, సున్నా కొట్టారు.

ఐదు నెలలకి ఉత్తర్వు వచ్చింది. సొంత వాడకం కింద కారు ఖర్చులో ఐదో వంతు కొట్టేసి మిగిలింది ఒప్పుకున్నారు. ఫీజుల మీద పన్ను, వడ్డీ కట్టాను. స్కానింగ్ మిషను నా దగ్గరే ఉంది. ఆ పన్నులో ఏడొందల వాటా ఎంతో ఆడిటరు గారు లెక్కగట్టి చెప్పబోయారు. వద్దన్నాను.