ఎలుకల గదిలో పత్తిగింజలు

నరసరావుపేటలో ఒక కాలేజీ వెనక, రేకుల గదిలో, హజ్రా బీ ఆరేళ్లు తెల్ల ఎలుకలను పెంచింది. దినకూలీ. కళ్లు, తోక చూసి ఏ ఎలుకకు ఒంట్లో బాగాలేదో చెప్పేది. నలతగా ఉన్నదాన్ని పక్కన పెట్టేది. బాగున్నది కోతకు పోయేది.

1986లో లెక్చరర్ రాజేశ్వరి పీహెచ్‌డీ అంతా ఆ గది మీదే ఆధారపడింది. గర్భసంచి లోపొరలో కణాన్ని కణానికి అంటించి ఉంచే ప్రోటీన్లు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఆడ ఎలుకల్లో అవి ఎక్కడ, ఎంత కనిపిస్తాయో ఆమె చూపాలి. జతకట్టిన ఆరో రోజున ఎలుకను కోసి, గర్భసంచి ముక్కలను, ఆ ప్రోటీన్లు ఉన్నచోట రంగు పట్టే పరీక్షకు హైదరాబాదు పంపేది.

"రిపోర్టు బాగా వస్తే నిన్ను పర్మనెంటు చెయ్యమని రాస్తా," అంది హజ్రా బీతో.

ఆ వేసవిలో గుంటూరు నుంచి మేత నెలన్నర రాలేదు. చిక్కిన ఎలుకలు పనికిరావని రాజేశ్వరి తిప్పి పంపింది. హజ్రా బీ తన పాడిగేదెకు పెట్టే పత్తిగింజలు రోజూ దోసెడు నానబెట్టి, రుబ్బి, నూకల్లో కలిపి తెచ్చింది. ఎలుకలు ఒళ్లు చేశాయి. మేత వచ్చాక కూడా ఆమె మానలేదు.

దసరా సెలవుల తర్వాత రిపోర్టు వచ్చింది. రంగు పట్టాల్సిన చోట పట్టలేదు. చాలావాటిలో పిండమే అతుక్కోలేదు.

"ఏం పెట్టావే వీటికి?" అంది రాజేశ్వరి గదిలోకి వస్తూనే.

మెచ్చుకోవడానికే అనుకుని హజ్రా బీ నవ్వింది. "పత్తిగింజలు మేడం. మా గేదె నోటికాడవి తీసి తెచ్చా. మా ఇంటాయనకి తెలిస్తే చంపుతాడు."

"వాటిలో విషం గర్భాన్ని నిలవనీదు! ఏడాది పని కుడితిలో కలిపావు కదే."

"అదేందమ్మా, మా గేదె ఏటా ఈనుద్దిగా?"

"గేదె పొట్ట అరిగించుకుంటుంది. ఎలుకకి ఆ పొట్ట ఉందా? మిగిలినవి ఒక్కటీ పనికిరావు. అన్నింటినీ ఈథర్ సీసాలో నువ్వే వెయ్యి. నువ్వు మేపినవేగా."

రాజేశ్వరి స్టూలు మీద కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకుంది. హజ్రా బీ ఒక్కొక్కదాన్నీ తోక మొదట్లో పట్టుకుని సీసాలో వేసి, మూత బిగించి, కదలిక ఆగాక తీసి పేర్చింది. పని శుభ్రంగా చేస్తే మేడం కోపం తగ్గుతుందనుకుంది. చెప్పకుండానే పంజరాలు కూడా ఫినాయిలుతో కడిగింది.

"అయిపోయింది మేడం. ఆ పర్మనెంటు కాగితం ఎప్పుడు రాస్తారు?"

"రిపోర్టు చూడగానే, పొద్దున్నే రాసిచ్చా ప్రిన్సిపాల్‌కి, నిన్ను తీసెయ్యమని. రేపట్నించి రావద్దు. పంజరాలు ఎండలో పెట్టి పో."

హజ్రా బీ పంజరాలు ఎండలో పెట్టింది.