పావుగంట ఆగిన మిల్లులు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకి నేరుగా బస్సుంది, రెండు గంటల దారి. అయినా ఆ రోజు మా చెల్లె సరోజా నేనూ పనిగట్టుకుని కోదాడ చుట్టు తిరిగి, పొద్దంతా బస్సుల్లో ఊగి మిర్యాలగూడ చేరాం. అరవైల చివర, సాగర్ కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో, కోతల కాలం అది. ఆ సాయంత్రం అయిదున్నరకి సరోజ పాట రేడియోలో వస్తుంది. హైదరాబాదు పోయి, పరీక్షకి పాడి, నెగ్గి, రికార్డు చేయించుకుని వచ్చింది మరి! వడ్ల బేరం తప్ప ఇంకో ముచ్చటే ఎరగని మా ఇంట్లోంచి శాస్త్రీయ సంగీతం! బజారంతా నేనే చాటింపు వేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

అంత చాటినవాడి ఇంట్లో రేడియో మాత్రం వాల్వు పోయి నెల్లాళ్ళుగా మూగబోయి ఉంది. మిర్యాలగూడలో అక్కవాళ్ళది రైసుమిల్లు, ఇల్లూ ఆ ఆవరణలోనే. "మా రేడియో గంట కొట్టినట్టు పలుకుతది, వచ్చేయుండ్రి" అని బావ కబురు పెట్టాడు. ఇక కోదాడ ఎందుకంటే, సరోజకి పాట నేర్పిన మేష్టారు అక్కడుంటారు. పదేళ్ళపాటు వారానికి రెండుసార్లు బస్సెక్కి మా ఇంటికొచ్చి నేర్పారు. ఆయనకి రేడియో అంటే పడదు. ఆ భయంతోనే సరోజ చెప్పకుండా పరీక్షకి పోయింది. ఇప్పుడేమో, "ఆయన వింటెనే నేను పాడినట్టు, అన్నా. లేకుంటే ఆ పావుగంట నాకెందుకు?" అని మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు.

పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కాం. మనిషికి రూపాయిన్నర లోపే టిక్కెట్టు. పెద్ద రోడ్డు నున్నగా ఉంది, తొమ్మిదిన్నరకల్లా కోదాడలో దిగాం. సంగతంతా విన్న మేష్టారు నా మీద విరుచుకుపడ్డారు. "పెట్టెలోంచి వచ్చేది పాటేంటయ్యా? మనిషి ఎదురుగా కూర్చోవాలి, ఊపిరి వినపడాలి. తప్పు పాడితే అక్కడికక్కడే ఆపాలి. నీ పెట్టెని ఎవరాపుతారు?"

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను కానీ సరోజ అప్పటికే ఆయన కాళ్ళకి దండం పెట్టింది. "తప్పు పాడి ఉంటే అందరి ముందరే తిట్టండి మేష్టారూ. కానీ వినండి" అంది. ఆయన దండెం మీది కండువా తీసుకుని, "బస్సు ఎన్నింటికి?" అన్నారు.

పన్నెండింటి బస్సు రెండింటికి గానీ కదల్లేదు. అది హుజూర్‌నగర్ మీదుగా పోతుంది. అక్కడ అరగంట ఆగింది. టీ తాగుదామని దిగితే హోటల్లో గ్లాసు కంటే ముందు సినిమా పాట ఎదురొచ్చింది. మా చిన్నప్పుడు పాట కావాలంటే ఎవరింట్లోనో పెళ్ళయ్యేదాకా ఆగాల్సిందే. ఇప్పుడు మీట తిప్పితే చాలు. నాకది గొప్పగానే అనిపించింది. మేష్టారు మాత్రం, "టీతోపాటు పాటనీ గుటుక్కున మింగేస్తున్నారు" అని మొహం తిప్పుకున్నారు.

ఆపైన గుంతల రోడ్డు. నేను గడియారం చూసుకోవడం గమనించి డ్రైవరు, "ఏం సేటూ, గంత పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు. చెప్పాను. చెప్పకుండా ఉంటానా! "గీ చెల్లెనా రేడియోల పాడేది? ఇగ సూడు!" అని హారన్ మోగిస్తూ తోలాడు. కాలువ దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది. "జర పక్కకు కొట్టు పెద్దాయనా, రేడియోల పాడే ఆమె ఉంది బస్సుల!" అని అరిచాడు. ఆ గొర్లకాపరి నింపాదిగా, "ఉంటే గొర్లకేమెరుక? ఆగు" అన్నాడు. మేష్టారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

అయిదింటికి చేరాం. అయిదుంబావుకి బావ దర్జాగా రేడియో పెట్టాడు. గుర్ర్ర్ర్ మన్నది, అంతే. ముల్లు ఎటు తిప్పినా గుర్రే. మిల్లు మోటరు! అది తిరుగుతున్నంతసేపూ దగ్గర్లోని రేడియోలో ఈ గుర్రే పలుకుతుంది. బావ ఎప్పుడూ మిల్లు బందయ్యాకే వార్తలు వింటాడు. పగలు పెట్టి చూసిన పాపాన పోలేదు. మిల్లులో పుట్టి పెరిగినవాడికి మోటరు చప్పుడు ఒక చప్పుడే కాదాయె. "బంద్ చేయుండ్రి!" అని కేకేశాడు. లారీలు నిలబడి ఉండగా, కోతల కాలంలో, మా బావ మిల్లు ఆగింది. గుర్రు సగమే తగ్గింది. మిగతా సగం పక్క మిల్లుది.

పక్క మిల్లు సేటుతో బావకి రెండేళ్ళుగా మాటల్లేవు. బావవాళ్ళ మిల్లు ఊక గాలికి లేచి వాళ్ళు ఆరబోసిన వడ్ల మీద పడుతుందని పెద్ద తగాదా అయింది. సరోజ కళ్ళు నిండాయి. బావ ఆ పిల్ల వంక చూశాడు, చెప్పులు తొడుక్కుని గేటు దాటాడు. నేను వెనకే ఉరికాను.

"సేటూ, మా మరదలు రేడియోల పాడుతున్నది. ఒక్క పావుగంట మోటరు బంద్ చేస్తవా?"

ముసలాయన ఎగాదిగా చూశాడు. "రెండేండ్లసంది ఊక సంగతి మాట్లాడొస్తవనుకుంటే, పాట కోసమొచ్చినవా?" అన్నాడు. ఆయన లోపలికి తిరిగి మోటరు ఆపమని అరిచాడు. మళ్ళీ మావైపు తిరిగి, "బంద్ చేసుడేనా? విననీకి రమ్మనవా?" అన్నాడు.

రేడియోలో మా సరోజ పేరూ, ఆ వెంటనే సూర్యాపేట పేరూ వినపడ్డాయి. ఊరి పేరు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. రెండు మిల్లుల హమాలీలూ నెత్తిన ఊక ధూళితోనే బస్తాల మీద కూర్చున్నారు. మోహన రాగం. మేష్టారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందోనని సరోజ దాన్నే చూస్తూ కూర్చుంది. ఆగలేదు.

పాట అయిపోయింది. మేష్టారు కళ్ళు తెరిచి, "ఆ చరణం మళ్ళీ వెయ్యమనండి" అన్నారు.

"అట్ల రాదు మేష్టారూ. ఇగ ఖతం" అన్నాడు బావ.

"చూశారా, నేను చెప్పేది అదే" అని ఆయన సరోజ వైపు తిరిగారు. "పెట్టె పాడకపోతే నువ్వు పాడు తల్లీ. తప్పు లేదు. మళ్ళీ వినాలనుంది."

పదేళ్ళలో ఆయన నోట ఆ మాట రాలేదు. సరోజ కళ్ళు తుడుచుకుని ఆ వడ్ల బస్తాల మధ్యే గొంతెత్తింది. పావుగంట ఎప్పుడో దాటిపోయింది. ముసలి సేటు తన మిల్లు గుమాస్తా లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

ఇప్పుడు ఫోనులో ఏ పాటనైనా ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి వినొచ్చు. నేనూ వింటాను, బాగుంటుంది. మా చెల్లెను రేడియోవాళ్ళు పిలిచారన్నది నాకు గర్వమే. కానీ మిర్యాలగూడలో కోతలప్పుడు రెండు మిల్లులు ఆమె కోసం ఆగాయన్నది అంతకు పదింతల గర్వం. ఈ దారిన పోయేవాళ్ళకి ఒక్క మాట. తొందరుంటే సూర్యాపేటలోనే నేరుగా పోయే బస్సెక్కండి. మిల్లుల నడుమ పాట వినాలనుకుంటే మాత్రం, పక్క మిల్లు వాళ్ళతో ముందే మాట కలిపి పెట్టుకోండి.